గోరుచుట్టు లేస్తే నిమ్మకాయ పెట్టేసి ఊరుకుంటున్నారా? ఏది ఇంట్లో తగ్గుతుంది.. దేనికి ఆసుపత్రి తప్పదు?

రాత్రి పడుకునేటప్పుడు గోరు పక్కన చిన్న మంట. తెల్లారి లేచేసరికి అక్కడ ఎర్రగా ఉబ్బి ఉంటుంది. సాయంత్రానికి సలుపు మొదలు. ఫోన్ స్క్రీన్ మీద వేలు ఆనించినా ప్రాణం లాగేస్తుంది. అన్నం కలపలేం, చొక్కా గుండీ పెట్టుకోలేం, బండి క్లచ్ పట్టుకోలేం. 'గోరుచుట్టు మీద రోకటి పోటు' అన్న సామెత ఊరికే పుట్టలేదు.

చాలామంది దీన్ని లైట్ తీసుకుంటారు. నిమ్మకాయకు కన్నం పెట్టి వేలు అందులో దూర్చేస్తారు. లేదంటే పిన్నీసు కాల్చి గుచ్చేస్తారు. ఇంకొందరు మెడికల్ షాపుకు వెళ్లి ఏదో ఒక ట్యూబ్ తెచ్చుకుంటారు. అయితే గోరు చుట్టూ వచ్చే నొప్పులన్నీ ఒకటి కావు. ఒకదానికి చీము తీయించాలి. ఇంకొకదానికి బ్లేడ్ అస్సలు తగలకూడదు. మరొకదానికి మందుల కంటే ముందు చెయ్యి పొడిగా ఉంచుకోవాలి. మీది ఏ రకమో తెలియకుండా వైద్యం మొదలుపెడితే నొప్పి తగ్గకపోగా వేలికే ముప్పు రావచ్చు.

అసలు గోరుచుట్టు ఎందుకు లేస్తుంది?

గోరుకు మూడు వైపులా చర్మం మడతలా ఉంటుంది. గోరు మొదట్లో ఆ మడత అంచు నుంచి ఒక సన్నటి పొర వచ్చి గోరుకు అతుక్కుని ఉంటుంది. దీన్ని క్యూటికల్ అంటారు. పార్లర్‌లో గోరు నీట్‌గా కనిపించడం కోసం వెనక్కి నెట్టి కత్తిరించేది దీన్నే. నిజానికి ఇది ఫ్రిజ్ తలుపుకు ఉండే రబ్బరు లాంటిది. లోపలికి నీళ్లు, క్రిములు పోకుండా సీల్ వేసి ఉంచుతుంది. ఆ సీల్ ఎక్కడైనా తెగితే చాలు.. కథ మొదలవుతుంది.

సీల్ తెగడానికి పెద్ద దెబ్బ ఏమీ తగలక్కర్లేదు. గోరు పక్కన లేచిన తోలును పళ్లతో లాగడం, గోళ్లు కొరకడం, నెయిల్ కట్టర్‌తో మూలల్లోకి మరీ లోతుగా తీయడం, చీపురు పుల్లో చేప ముల్లో గుచ్చుకోవడం.. ఇవి సరిపోతాయి. ఆ సందులోంచి బ్యాక్టీరియా లోపలికి వెళ్తుంది. ఎక్కువ కేసుల్లో కారణం స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. ఇది ఎక్కడి నుంచో వచ్చేది కాదు, చాలామంది చర్మం మీద, ముక్కులో ఉండేదే. గోళ్లు కొరికేవాళ్లకు, వేలు చీకే పిల్లలకు నోట్లో ఉండే రకరకాల బ్యాక్టీరియా కూడా తోడవుతుంది. (బ్రేకింగ్ న్యూస్ టైమ్‌లో గోళ్లు కొరికే అలవాటు నాకూ ఉంది. ఇది రాస్తూ రెండుసార్లు చెయ్యి నోట్లోంచి తీశాను.)

డాక్టర్లు దీన్ని పారోనైకియా అంటారు. హఠాత్తుగా వచ్చి ఆరు వారాల లోపు తగ్గిపోతే అక్యూట్. ఆరు వారాలు దాటినా వదలకపోతే క్రానిక్. పేరు ఒకటే అయినా ఈ రెండింటి కారణం వేరు, వైద్యం వేరు. తికమక ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

మొదటి రెండు రోజులు ఇంట్లో ఏం చేయొచ్చు?

ఎర్రగా ఉంది, ముట్టుకుంటే నొప్పి, కానీ ఇంకా చీము పట్టలేదు. ఈ దశలో చాలావరకు ఇంట్లోనే తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్లలో వేలు ముంచి 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. రోజుకు మూడు నాలుగు సార్లు చేయాలి. ఒకసారి చేసి 'తగ్గలేదు' అని వదిలేయకూడదు. నీళ్లలో కాస్త ఉప్పు వేసుకున్నా ఇబ్బంది లేదు, వేయకపోయినా నష్టం లేదు. పని చేసేది ప్రధానంగా ఆ వెచ్చదనమే. అక్కడికి రక్తప్రసరణ పెరుగుతుంది, చర్మం మెత్తబడి లోపల ఏదైనా ఉంటే బయటకు రావడానికి దారి దొరుకుతుంది. ముంచాక వేలిని పూర్తిగా తుడిచి ఆరబెట్టడం మర్చిపోవద్దు.

నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు. ముఖ్యంగా చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు వేళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు. కాలుతున్న సంగతి తెలియక బొబ్బలు ఎక్కించుకుంటారు. ఇంట్లో వేరేవాళ్లతో వేడి చూపించుకోవడం మంచిది.

ఇంకో ముఖ్యమైన పని.. ఆ వేలికి ఉంగరం ఉంటే వెంటనే తీసేయండి. జాతకం కోసం పెట్టుకున్న రాయి అయినా, పెళ్లి ఉంగరం అయినా సరే. రేపటికి వాపు పెరిగితే అది రాదు. రక్తప్రసరణ ఆగిపోయే పరిస్థితి వస్తే కట్ చేయాల్సి వస్తుంది.

రాత్రిళ్లు సలుపు ఎక్కువగా ఉంటే చేతిని దిండు మీద ఎత్తులో పెట్టుకుని పడుకోండి. చెయ్యి కిందికి వేలాడితే రక్తం అక్కడికి చేరి పోటు పెరుగుతుంది. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. లివర్ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగాకే వేసుకోవాలి.

మరి నిమ్మకాయ సంగతేంటి?

తెలుగు ఇళ్లలో గోరుచుట్టు అనగానే గుర్తొచ్చేది ఇదే. మా అమ్మమ్మ అయితే నిమ్మకాయలో కొంచెం పసుపు, ఉప్పు కూడా కూరి మరీ తొడిగేది. నిజం చెప్పాలంటే తొడగ్గానే హాయిగానే ఉంటుంది. చల్లగా ఉంటుంది కదా. దానికి తోడు వేలు దేనికీ తగలకుండా టోపీలా కాపాడుతుంది. ఆ రిలీఫ్ అబద్ధం కాదు.

కానీ నిమ్మకాయ చీమును 'లాగేస్తుంది' అన్నది మాత్రం నిజం కాదు. మడత కింద గూడు కట్టిన చీముకు బయటకు రావడానికి దారి కావాలి. నిమ్మరసానికి ఆ దారి చేసే శక్తి లేదు. నిమ్మకాయ పెట్టిన రెండు మూడు రోజులకు పగిలి తగ్గిందంటే చాలాసార్లు అది దానంతట అదే పగిలే టైమ్‌కు వచ్చిందనే అర్థం. గంటల తరబడి తడిలో నానితే చుట్టుపక్కల మంచి చర్మం కూడా తెల్లబడి, మెత్తబడి, చిట్లుతుంది. అంటే క్రిములకు కొత్త తలుపు తెరిచినట్టే. చర్మం ఇప్పటికే చిట్లి ఉంటే ఆ పులుపుకు మంట అదనం. ఇంకొక విషయం చాలామందికి తెలియదు. నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే కాలినట్టు బొబ్బలు వచ్చి, తర్వాత నల్లమచ్చలు చాలాకాలం ఉండిపోతాయి.

సున్నం పెట్టడం దీనికంటే ప్రమాదం. అది క్షారం, చర్మాన్ని కాల్చేస్తుంది. ఇక పిన్నీసు.. మంట మీద కాల్చినా సరే, ఎంత లోతుకు పోతోందో మనకు తెలియదు. పైన ఉన్న ఇన్ఫెక్షన్‌ను లోపల ఎముక దాకా, స్నాయువు దాకా మనమే తీసుకెళ్లినట్టు అవుతుంది.

చీము పట్టిందని ఎలా తెలుస్తుంది?

గోరు పక్కన పసుపుగానో తెల్లగానో కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. కొన్నిసార్లు పైకి కనిపించదు, ముట్టుకుంటే మెత్తగా నీటి బుడగలా కదులుతుంది. వేలి కొసను మెల్లగా నొక్కి, గోరు పక్కన ఒక చోట మాత్రమే చర్మం తెల్లగా పాలిపోతోందా అని డాక్టర్లు చూస్తారు. అలా పాలిపోయిన మేరకు లోపల చీము ఉన్నట్టు లెక్క.

చీము పట్టాక చేయాల్సింది ఒక్కటే, దాన్ని బయటకు తీయించడం. యాంటీబయాటిక్ టాబ్లెట్లు మింగుతూ కూర్చుంటే లాభం తక్కువ. చీము గూడు లోపలికి మందు సరిగ్గా చేరదు. 'ఆపరేషన్' అనగానే భయపడిపోతారు కానీ ఇది చిన్న పని. వేలి మొదట్లో రెండు వైపులా మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. నిజం దాచడం ఎందుకు, ఆ ఇంజెక్షన్ నొప్పిగానే ఉంటుంది. ఆ తర్వాత వేలు మొద్దుబారిపోతుంది. గోరుకూ మడతకూ మధ్య సన్నటి పరికరం దూర్చి మడతను కాస్త ఎత్తుతారు, చీము బయటకు వచ్చేస్తుంది. చాలాసార్లు కోత కూడా అవసరం పడదు. చీము గోరు కిందికి పోయి ఉంటే గోరులో కొంత భాగం తీయాల్సి రావచ్చు. చీము పోయిన క్షణం నుంచే సలుపు తగ్గుతుంది. రెండు రాత్రులు నిద్రలేని మనిషి ఆ రాత్రి పడుకుంటాడు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చీము పూర్తిగా పోతే యాంటీబయాటిక్ అవసరమే ఉండకపోవచ్చు. ఎరుపు వేలి పైకి పాకుతున్నా, జ్వరం ఉన్నా, షుగర్ లాంటి సమస్య ఉన్నా అప్పుడు డాక్టర్ రాస్తారు. రాస్తే కోర్సు పూర్తి చేయాలి. ముల్లో ఇనుప ముక్కో గుచ్చుకుని మొదలైతే టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా చెప్పండి. చీము తీయించిన రెండు రోజుల్లో తేడా కనిపించకపోతే మళ్లీ చూపించుకోవాల్సిందే.

నీళ్ల పొక్కులు ఉంటే కోయించొద్దు

అచ్చం గోరుచుట్టులాగే కనిపించి మోసం చేసేది ఇంకొకటి ఉంది. హెర్పెటిక్ విట్లో. ఇది బ్యాక్టీరియా కాదు, వైరస్. పెదవుల దగ్గర జ్వరపు పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్సే వేలిలో చేరుతుంది. నోట్లో పుండ్లు ఉన్న పిల్లలు వేలు చీకితే వస్తుంది. గ్లౌజులు లేకుండా రోగుల నోట్లో చేతులు పెట్టిన రోజుల్లో డెంటిస్టులకు, నర్సులకు ఇది బాగా వచ్చేది.

గుర్తుపట్టడం ఎలా? ముందు వేలిలో చిమచిమ, మంట మొదలవుతాయి. తర్వాత చిన్న చిన్న పొక్కులు గుంపుగా లేస్తాయి. వాటిలో మొదట తేటగా నీళ్లలాంటి ద్రవం ఉంటుంది. కనిపించే దానికంటే నొప్పి చాలా ఎక్కువ. దీన్ని చీము అనుకుని కోస్తే వైరస్ చుట్టూ వ్యాపించడం, దాని మీద బ్యాక్టీరియా కూడా చేరడం జరుగుతుంది. వదిలేసినా రెండు మూడు వారాల్లో దానంతట అదే మాడిపోతుంది. మొదట్లోనే వెళ్తే డాక్టర్ అసైక్లోవిర్ లాంటి మందు ఇస్తారు. పొక్కులు ఆరేదాకా ఆ వేలితో కన్ను నలుపుకోవద్దు, పసిపిల్లలను ముట్టుకోవద్దు. ఒకసారి వస్తే మళ్లీ వచ్చే అవకాశం ఉంది కాబట్టి, 'ఇంతకుముందు ఇదే వేలికి ఇలాగే వచ్చింది' అన్న మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

నెలల తరబడి తగ్గడం లేదా? నీళ్లను అనుమానించండి

ఈ భాగం మా అమ్మ కోసం రాస్తున్నాను అనుకోండి. ఆమె కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు ఏడాదికి పైగా ఇలాగే ఉండేవి. గోరు మొదట్లో ఉబ్బు, క్యూటికల్ మాయం, గోరు మీద అడ్డంగా గీతలు. భరించలేని నొప్పి కాదు, ఎప్పుడూ ఉండే నొప్పి. మెడికల్ షాపులో ఒకరు ఫంగస్ క్రీమ్ ఇచ్చారు, ఇంకొకరు యాంటీబయాటిక్ ఇచ్చారు. నాలుగు రోజులు తగ్గడం, మళ్లీ రావడం. చివరికి ఒక స్కిన్ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న.. 'అంట్లు ఎవరు తోముతారమ్మా?'

క్రానిక్ గోరుచుట్టు అసలు సమస్య ఇదే. అంట్ల సబ్బు, బట్టల సోడా, ఫినాయిల్, రోజంతా తడి.. వీటికి క్యూటికల్ కరిగిపోతుంది. సీల్ లేని సందులోకి సబ్బు నీళ్లు పోయి చర్మం లోపల రేగుతూనే ఉంటుంది. అంటే ఇది ముఖ్యంగా ఇన్ఫెక్షన్ కాదు, ఒక రకం ఎగ్జిమా. పరీక్ష చేస్తే క్యాండిడా అనే ఫంగస్ కనిపించడం మామూలే. అయితే అది ఎక్కువసార్లు తడి చూసి వచ్చి చేరిన అతిథి మాత్రమే. 2002లో ఇటలీ చర్మవైద్యులు స్టెరాయిడ్ క్రీమును ఫంగస్ మాత్రలతో పోల్చి చూసినప్పుడు క్రీముతోనే ఎక్కువ గోళ్లు బాగుపడ్డాయి.

స్టెరాయిడ్ అనగానే షాపుకు పరుగెత్తొద్దు. అది ఏ స్ట్రెంగ్త్, ఎన్ని వారాలు అన్నది డాక్టర్ చెప్పాలి. నిజంగా చీము ఉన్నచోట రాస్తే ఇన్ఫెక్షన్ పెరుగుతుంది, ఇష్టం వచ్చినన్ని రోజులు రాస్తే చర్మం పలచబడుతుంది. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు మన దగ్గర చీటీ లేకుండానే దొరికేస్తుంటాయి. అసలు గొడవ అక్కడే.

మందు ఏదైనా, తడి ఆగకపోతే పని చేయదు. రబ్బరు గ్లౌజులు వేసుకోమంటే 'చెమట పడుతోంది' అని చాలామంది తీసేస్తారు. అది నిజమే, లోపల చెమట పట్టినా తడే కదా. అందుకే లోపల పలచటి కాటన్ గ్లౌజు, దాని మీద రబ్బరు గ్లౌజు వేసుకోవాలి. కాటన్‌వి రెండు మూడు జతలు ఉంచుకుని ఉతికి ఆరేసుకుంటూ వాడాలి. పని అయ్యాక వేళ్ల సందులు, గోళ్ల మొదళ్లు తుడుచుకుని వాజిలిన్ రాయాలి. నిమ్మ, టమాటా, పచ్చిమిర్చి, పచ్చి మాంసం కోసేటప్పుడు కూడా గ్లౌజులు మంచివే.

ఎంతకాలం? ఓపిక కావాలి. చేతి గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. మొదటి నుంచి చివరి దాకా కొత్త గోరు రావాలంటే సుమారు ఆరు నెలలు. క్యూటికల్ మళ్లీ అతుక్కునేదాకా ఈ జాగ్రత్తలు ఆపకూడదు. మా ఇంట్లో అయితే అంట్లు ఇప్పుడు నేనూ నాన్నా వంతులు వేసుకుని తోముతున్నాం. అన్ని మందుల కంటే అదే బాగా పని చేసిందని అమ్మ అంటోంది.

ఇది ఇంటి ఆడవాళ్ల సమస్య మాత్రమే కాదు. హోటల్లో గిన్నెలు కడిగేవాళ్లు, రోజంతా బురదలో వరినాట్లు వేసే కూలీలు, కోస్తాలో ఐసు నీళ్లలో రొయ్యలు ఒలిచేవాళ్లు, లాండ్రీ, సెలూన్ పనివాళ్లు.. అందరికీ వచ్చేదే. చేపలు, రొయ్యలు, పచ్చి మాంసం పట్టుకునేవాళ్లకు కొన్ని ప్రత్యేకమైన ఇన్ఫెక్షన్లు కూడా వస్తాయి. కాబట్టి డాక్టర్ అడగకపోయినా మీ పని ఏమిటో చెప్పండి.

షుగర్ ఉంటే రెండు రోజులు కూడా ఆగొద్దు

షుగర్ ఎక్కువగా ఉన్న శరీరం ఇన్ఫెక్షన్‌తో సరిగా పోరాడలేదు. పైగా నరాలు దెబ్బతిని ఉంటే నొప్పి తక్కువగా తెలుస్తుంది. బయటకు చిన్నగా కనిపించే గోరుచుట్టు లోపల ఎముక దాకా వెళ్లి ఉండొచ్చు. అప్పుడు వేలి కొస తీసేయాల్సిన పరిస్థితి కూడా వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు ఎర్రబడిన రోజే చూపించుకోవాలి. పీహెచ్‌సీ అయినా, బస్తీ దవాఖానా అయినా పర్వాలేదు.

ఇంకో కోణం కూడా ఉంది. కారణం లేకుండా గోరుచుట్టు పదే పదే వస్తుంటే ఒకసారి షుగర్ టెస్ట్ చేయించుకోండి. కొందరికి షుగర్ ఉన్నట్టు తెలిసేది ఇలాంటి చిన్న పుండ్ల వల్లే.

ఈ లక్షణాలు కనిపిస్తే అదే రోజు సర్జన్ దగ్గరకు

వాపు గోరు పక్కన కాకుండా వేలి కొసన ముద్ర వేసే మెత్తటి భాగంలోకి వచ్చి, అక్కడ గట్టిగా బిగిసిపోయి, గుండె కొట్టుకున్నట్టు పోటు పెడుతుంటే అది ఫెలాన్. వేలి కొసలో చిన్న చిన్న గదుల్లాంటి అరలు ఉంటాయి. చీము ఆ ఇరుకులో చేరి ఒత్తిడి పెరిగిపోతుంది. రక్తప్రసరణ ఆగి ఎముక కుళ్లే ప్రమాదం ఉంది.

దీనికంటే భయపడాల్సింది వేలిని వంచే స్నాయువు చుట్టూ ఉన్న గొట్టంలోకి ఇన్ఫెక్షన్ చేరడం. అమెరికాలోని షికాగోకు చెందిన సర్జన్ అలెన్ కనావెల్ వందేళ్ల కిందట చెప్పిన గుర్తులనే డాక్టర్లు ఇప్పటికీ చూస్తారు. వేలు మొత్తం సమానంగా ఉబ్బుతుంది. కాస్త వంగి అలాగే ఉండిపోతుంది. అరచేతి వైపు వేలి పొడవునా నొక్కితే నొప్పి. ఎవరైనా మెల్లగా చాపబోతే కేక పెట్టేంత నొప్పి. ఇలా ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు. ఆలస్యమైతే వేలు బతికినా మళ్లీ వంగకపోవచ్చు.

చేతి మీదుగా పైకి ఎర్రటి గీత పాకుతున్నా, చంకలో బిళ్ల కట్టినా, చలిజ్వరం వచ్చినా కూడా ఇంటి వైద్యం అక్కడితో ఆపేయాలి.

గోరుచుట్టు కాని గోరు నొప్పులు

తలుపు సందులో వేలు పడి గోరు కింద రక్తం గడ్డకట్టి నల్లబడితే ఆ పోటు వేరు. డాక్టర్ గోరుకు చిన్న రంధ్రం చేసి రక్తం తీస్తే వెంటనే ఉపశమనం వస్తుంది. సూది కాల్చి ఇంట్లో చేసుకునే వీడియోలు చూసి ప్రయత్నించకండి, లోపల ఎముక విరిగి ఉండొచ్చు. దెబ్బ తగలకుండానే గోరు కింద నల్లటి గీత వచ్చి వెడల్పు అవుతుంటే నొప్పి లేకపోయినా చూపించుకోవాలి. అరుదుగా అది మెలనోమా అనే క్యాన్సర్ కావచ్చు.

ఏళ్ల తరబడి ఒకే గోరు కింద, ఒకే పాయింట్‌లో, చల్లటి నీళ్లు తగిలితే కరెంట్ కొట్టినట్టు నొప్పి వస్తుంటే గ్లోమస్ ట్యూమర్ అనే చిన్న గడ్డ అయి ఉండొచ్చు. ఇది సాధారణంగా క్యాన్సర్ కాదు, ఆపరేషన్‌తో పోతుంది. కాకపోతే బయటకు ఏమీ కనిపించదు కాబట్టి పాపం వీళ్ల నొప్పిని ఇంట్లోవాళ్లు నమ్మరు.

కొన్ని మందులూ కారణమే. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్, క్యాన్సర్‌కు ఇచ్చే ఎర్లోటినిబ్, జెఫిటినిబ్ లాంటివి వాడేవాళ్లకు ఒకేసారి నాలుగైదు వేళ్లకు గోరుచుట్టు రావచ్చు. మందు మీరే ఆపేయకండి, రాసిన డాక్టర్‌కు చెప్పండి.

మళ్లీ రాకుండా ఎలా?

గోళ్లు స్నానం చేశాక మెత్తగా ఉన్నప్పుడు తీసుకోవాలి. మూలలు మరీ లోపలికి తవ్వొద్దు. పార్లర్‌కు వెళ్తే 'క్యూటికల్ కట్ చేయొద్దు' అని ముందే చెప్పండి, మీ నెయిల్ కట్టర్ మీరే తీసుకెళ్తే ఇంకా మంచిది. వేలు చీకే, గోళ్లు కొరికే పిల్లలను కొట్టి, కారం రాసి మాన్పించాలని చూడొద్దు, ఆ కారం కంట్లోకి పోతుంది. గోళ్లు పొట్టిగా తీసి ఉంచితే కొరకడానికి ఏమీ దొరకదు.

గోరు పక్కన తోలు లేస్తే లాగకండి. లాగితే అది ఆగాల్సిన చోట ఆగదు, పచ్చి చర్మాన్ని కూడా చీల్చుకుంటూ పోతుంది. వేలిని ఐదు నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, శుభ్రమైన నెయిల్ కట్టర్‌తో మొదలు దాకా కత్తిరించి, కాస్త కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ రాసుకోండి.